టెక్సాస్ ర్యాంచికి డబ్బు కట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన వేట వీడియోలన్నీ చూశాను. అత్తయ్య రెండు చూసి, "వీడు ఎమ్మెస్ చదవడానికి వచ్చాడా, అడవిలో కాపురం పెట్టడానికి వచ్చాడా" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం సంగతి మీ అమ్మ దాకా పోనివ్వకు. తుపాకీ అన్న మాట చెవిన పడితే అక్కయ్య అన్నం మానేస్తుంది, ఆ మీదట ఫోన్లన్నీ నాకే వస్తాయి.

ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటూ ఉంటావు, విన్నావో లేదో తెలియదు. అందుకని రాస్తున్నాను.

ముందు నువ్వు డబ్బు కడతానంటున్న ఆ టెక్సాస్ ర్యాంచి వేట ప్యాకేజీ సంగతి. నువ్వు పంపిన ధరల పట్టికలో బ్లాక్‌బక్ అని ఉంది కదా, అది ఏమిటో చూశావా? మన కృష్ణజింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాని కిందే యాక్సిస్ డీర్ అని ఉన్నది చుక్కల జింక, తెలంగాణ రాష్ట్ర జంతువు. ఆ పక్కన నీల్‌గాయి. 1930 ప్రాంతంలో టెక్సాస్ భూస్వాములు వీటిని తెచ్చి తమ పశువుల భూముల్లో వదిలారు, అక్కడి ఎండకూ గడ్డికీ బాగా అలవాటు పడి పెరిగిపోయాయి. పరదేశపు జంతువులు కాబట్టి అక్కడ వాటికి సీజనంటూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడుగునా కొట్టవచ్చు. మన దేశంలో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కృష్ణజింకను ముట్టుకుంటే జైలే. సల్మాన్ ఖాన్ అంతటివాడికి 1998 నాటి జోధ్‌పూర్ కేసులో 2018లో కింది కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది ఈ జంతువు గురించే. బెయిలు వచ్చింది, అప్పీలు చేసుకున్నాడు, అది వేరే సంగతి. నంద్యాల దగ్గర రోళ్లపాడు గడ్డి మైదానాల్లో ఊరికే కనబడే జంతువును, సముద్రాలు దాటి వచ్చి, వేల డాలర్లు కట్టి, కంచె లోపల కొట్టి, ఫొటో దిగుతానంటున్నావు. చట్టం ప్రకారం తప్పు లేదు. నాకు నవ్వొచ్చింది, అంతే.

అలాగని నేను వేటకు వ్యతిరేకిని అనుకోకు. ముప్ఫై ఏళ్లకు పైగా విస్కాన్సిన్ పేపరు మిల్లులో పని చేసినవాణ్ణి. మా మిల్లులో సంక్రాంతి, దసరా నాకొక్కడికే. మిగతా అందరికీ అంతటి పండగ నవంబరులో వచ్చే గన్ డీర్ సీజన్. థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలై థాంక్స్‌గివింగ్ తర్వాతి ఆదివారం దాకా తొమ్మిది రోజులు. ఆ వారం షిఫ్టులు సర్దడానికి మేము పడే అవస్థ అంతా ఇంతా కాదు. ఫోర్‌మన్, క్లర్కు, ఎలక్ట్రీషియన్, క్రేను నడిపేవాడు, వాడి భార్య, అందరూ నారింజ రంగు కోట్లు వేసుకుని అడవిలోనే. రాష్ట్రమంతటా అయిదు లక్షలకు పైగా జనం లైసెన్సు తీసుకుంటారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ తొమ్మిది రోజుల్లో పడే జింకలు లక్షా డెబ్బై వేల నుంచి రెండు లక్షల దాకా. లెక్క నువ్వే వేసుకో, సగానికి పైగా మంది ఉత్త చేతులతో ఇంటికొస్తారు. వాళ్లెవరూ వీడియో పెట్టరు.

నాకు వేట అంటే ఏమిటో చూపించినవాడు మా మిల్లులో మెషీన్ టెండర్, అంటే కాగితం యంత్రం నడిపేవాడు. ఆయన తుపాకీ వాళ్ల నాన్నది. కోటు మోచేతుల దగ్గర అతుకులు. కౌంటీ అడవిలో కూర్చుంటాడు, ఆ అడవిలో ఎవరైనా కూర్చోవచ్చు. గన్ డీర్ లైసెన్సు మా రాష్ట్రం వాళ్లకు ఇరవై నాలుగు డాలర్లు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి చెట్టు మీద చిన్న పలక మీద కదలకుండా కూర్చోవడం, ఫ్లాస్కులో కాఫీ చల్లారిపోవడం, కాళ్ల వేళ్లు మొద్దుబారిపోవడం, ఇదీ ఆయన వేటలో ఎక్కువ భాగం. జింక దొరికితే మర్నాడు సాయంత్రం అయిదు లోపల రాష్ట్రానికి లెక్క చెప్పాలి. చర్మం ఒలవడం, కోయడం గరాజ్‌లో. ఆ మాంసంతో చలికాలం గడుస్తుంది. మాకూ ఒక పొట్లం వచ్చేది, అత్తయ్య మిరియాలు దట్టించి వండేది. (అక్కయ్యకు ఇదీ చెప్పకు.)

ఇంకో సంగతి కూడా ఆయన వల్లే తెలిసింది. ఆయన కొనే ప్రతి తూటాల పెట్టె మీదా ఫెడరల్ పన్ను ఉంటుంది. 1937లో చేసిన చట్టం. పొడుగు తుపాకుల మీద, తూటాల మీద పదకొండు శాతం. కొన్నవాడికి బిల్లులో విడిగా కనబడదు, తయారీదారు దగ్గరే వసూలవుతుంది. ఆ డబ్బు రాష్ట్రాలకు పంచుతారు, అందులో ఎక్కువ భాగం అడవి జంతువుల పనికే ఖర్చవుతుంది. నీ వీడియోల హీరో తుపాకీ కంపెనీ దగ్గర డబ్బు తీసుకుంటాడు. మా మెషీన్ టెండర్ ఆ కంపెనీకి డబ్బు కడతాడు, ఆ పైన అడవికి పన్ను కడతాడు.

ఇప్పుడు ఆ వీడియోలు ఎలా తయారవుతాయో చూడు. టీవీలో అరగంట కార్యక్రమం అంటే ప్రకటనలు పోగా ఇరవై రెండు నిమిషాలు. అందులో ఒక జంతువు పడి తీరాలి, పడకపోతే స్పాన్సరు ఊరుకోడు. అందుకోసం వేల ఎకరాలు లీజుకు తీసుకుంటారు. జింకల కోసమే పైరు వేస్తారు. చెట్టుకో కెమెరా కట్టి, ఏ మగజింక ఏ వేళకు ఏ దారిన వస్తుందో నెలల తరబడి రాసి పెడతారు. జింకలకు పేర్లు కూడా పెడతారు. ఇవన్నీ చేసేది జీతగాళ్లు, గైడ్లు. హీరో విమానం దిగి, వాళ్లు చూపించిన చోట కూర్చుని, వాళ్లు చెప్పిన జింకను కొట్టి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దేవుడికీ విల్లు కంపెనీకీ కృతజ్ఞతలు చెబుతాడు. నటన అని నేను అనడం లేదు. గురి నిజమే, జింక నిజమే. కానీ వేటలో కష్టమైన భాగం మొత్తం గురి పెట్టక ముందూ ఉంటుంది, పెట్టిన తర్వాతా ఉంటుంది. ఆ రెండూ ఎడిటింగ్‌లో పోతాయి.

తర్వాతి భాగం నువ్వు ఎక్కడా చూసి ఉండవు, అందుకని వివరంగా రాస్తాను. మా మెషీన్ టెండర్‌కు విల్లు వేట కూడా ఉంది. ఒక అక్టోబరు సాయంత్రం ఆయన బాణం ఒక మగజింకకు కాస్త వెనగ్గా తగిలింది. జింక ఎగిరి పొదల్లోకి పారిపోయింది. నువ్వయితే పరుగెత్తేవాడివి, నేనూ అంతే. ఆయన చెట్టు దిగి ముందు బాణాన్ని వెతికి తీసి వాసన చూశాడు. నెత్తురు లేత ఎరుపుగా, నురగతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలిందన్న మాట, అరగంట ఆగి వెళితే చాలు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కార్జం, నాలుగైదు గంటలు ఆగాలి. బాణం మీద పచ్చటి జిగురు, పేడ వాసన ఉంటే పేగులకు తగిలింది. అప్పుడు వెంటనే వెనక పడ్డావా, జింక లేచి మైళ్లు పోతుంది, ఎక్కడో చస్తుంది, ఎవరికీ దక్కదు. కదిలించకుండా వదిలేస్తే మొదట కనిపించిన పొదలోనే పడుకుంటుంది. ఆయన బాణం మీద ఉన్నది పచ్చ జిగురు. ఉన్నచోట ఒక గుర్తు కట్టి, చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, ఇంటికి వెళ్లిపోయాడు. రాత్రంతా నిద్ర పోలేదని వాళ్లావిడ చెప్పింది.

తెల్లవారుజామున నన్ను కూడా పిలిచాడు. నాకు అడవి తెలుసునని కాదు, రెండు కళ్లు ఎక్కువుంటాయని. నేల మీద కాదు, ఆకుల అడుగున, గడ్డి కాడల పక్కన చూడమన్నాడు. నెత్తురు చుక్క కనబడిన చోటల్లా టాయిలెట్ పేపరు ముక్క పెట్టడం, తర్వాతి చుక్క దొరికేదాకా ఒకడు అక్కడే నిలబడడం. ఒక చోట జాడ పూర్తిగా పోయింది. ఆయన వెనక్కి తిరిగి మేం పెట్టిన కాగితం ముక్కల వరస చూశాడు, అది పోతున్న దిక్కు పట్టుకుని నీళ్లవైపు నడిచాడు. దెబ్బ తిన్న జింక నీళ్ల దగ్గరకు పోతుందట. మధ్యాహ్నానికి దొరికింది. వెనక తొడ అప్పటికే కొయోట్లు, ఇక్కడి నక్కల్లాంటివి, తినేశాయి, కడుపు వైపు మాంసమూ పాడైంది. ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి వేట అనుమతి ట్యాగ్ తీసి దానికే కట్టాడు. మా రాష్ట్రంలో విల్లుతో ఒక్క మగజింకకే ట్యాగ్ ఇస్తారు, కాబట్టి ఆ ఏటికి ఆయన విల్లు వేట అక్కడితో సరి. పనికొచ్చిన మాంసం కోసుకుని, మిగిలినది అడవికి వదిలి, ఇంటికి వచ్చాం.

ఇప్పుడు పేరున్న ఆయన కథ విను. టెడ్ నుజెంట్ అని రాక్ గిటారు వాయించేవాడు, వేట కార్యక్రమం ఒకటి ఏళ్ల తరబడి నడిపాడు. 2009 మే నెలలో అలాస్కా ఆగ్నేయాన ఒక దీవిలో నల్ల ఎలుగును బాణంతో కొట్టాడు. గాయపడి పారిపోయింది. కొన్ని రోజులకు ఇంకో ఎలుగును కొట్టి చంపాడు. అక్కడి నిబంధన ఏమిటంటే, గాయపరిచినా సరే అది నీ లెక్కలోకే వస్తుంది, ఇక రెండోది కొట్టకూడదు. 2012లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుని పదివేల డాలర్ల జరిమానా కట్టాడు. ఆ నిబంధన తనకు తెలియదన్నాడు. అంతకు ముందు, 2010లో కాలిఫోర్నియాలో మేత పెట్టి జింకను రప్పించి కొట్టిన కేసు. అది ఎలా బయటపడిందనుకున్నావు? ఆయన కార్యక్రమమే టీవీలో చూసి వేట అధికారులు పట్టుకున్నారు.

తెలియదన్న మాట నేను నమ్ముతాను. వారానికో రాష్ట్రంలో కొట్టేవాడికి ఏ రాష్ట్రపు నిబంధనల పుస్తకమైనా ఎందుకు తెలుస్తుంది? మా మెషీన్ టెండర్‌కు ఒక్క కౌంటీయే తెలుసు, కానీ దాని నిబంధనలు పేజీతో సహా చెబుతాడు. వాళ్ల ఊరి వేట వార్డెన్‌తో కలిసి చర్చిలో కూర్చోవాలి మరి.

మా రాష్ట్రంలోనే ఆల్డో లియోపోల్డ్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. 1933లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో వేట జంతువుల నిర్వహణకు పాఠం చెప్పే మొదటి ఆచార్య పదవిలో చేరాడు. తన విల్లు తనే చెక్కుకుని వేటాడినవాడు. 1948లో పొరుగువాడి పొలంలో గడ్డి అంటుకుంటే ఆర్పడానికి వెళ్లి గుండె ఆగి పోయాడు. మరుసటి ఏడు ఆయన పుస్తకం 'ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్' వచ్చింది, మీ యూనివర్సిటీ లైబ్రరీలో తప్పకుండా ఉంటుంది. అందులో ఆయన చెప్పిన ఒక విషయం నీ వీడియోలకు సూటిగా తగులుతుంది. మిగతా ఆటలకు చూసేవాళ్లు ఉంటారు, చప్పట్లు కొట్టేవాళ్లూ తప్పుపట్టేవాళ్లూ ఉంటారు. వేటగాడికి ఆ జనం లేరు, వాడి నడత వాడి మనస్సాక్షికే వదిలేసిన వ్యవహారం అని దాని సారాంశం. ఆయనకు యూట్యూబ్ సంగతి తెలియదు. ఇప్పుడు జనం వచ్చి కూర్చున్నారు. ఆ జనానికి కావలసింది పెద్ద కొమ్ములు.

కొమ్ములంటే జ్ఞాపకం వచ్చింది, జిమ్ జోర్డాన్ కథ రాయకుండా ఉండలేను. 1914 నవంబరులో మా రాష్ట్రం వాయవ్య మూల డాన్‌బరీ అనే ఊరి దగ్గర ఇరవై రెండేళ్ల కుర్రాడు, దాదాపు నీ ఈడు, ఒక మగజింకను కొట్టాడు. దాని తల తయారు చేసిపెట్టమని ఆ చుట్టుపక్కల ఒక ట్యాక్సిడర్మిస్టుకు ఇచ్చాడు. అయిదు డాలర్ల బేరం. ఆయన ఊరు మారిపోయాడు, తల కూడా పోయింది. జోర్డాన్ ఇక దాని మీద ఆశ వదులుకున్నాడు. యాభై ఏళ్ల తర్వాత, 1964లో, మినెసోటాలో ఎవరో పాత సామాన్ల అమ్మకంలో ఆ తలను మూడు డాలర్లకు కొన్నారు. కొన్నది జోర్డాన్‌కు దూరపు బంధువే, అది ఎవరి జింకో తెలియకుండానే. కొలిపిస్తే ప్రపంచ రికార్డు. బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు, అంటే ఆ తర్వాత అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన సంఘం, దాన్ని వేటగాడి పేరు తెలియదని రాసి పుస్తకంలోకి ఎక్కించింది. ముసలివాడైన జోర్డాన్ తన జింకను చూడగానే గుర్తుపట్టాడు, నాదేనని మొత్తుకున్నాడు. చివరికి 1978 డిసెంబరులో క్లబ్బు ఒప్పుకుంది. అప్పటికి ఆయన పోయి రెండు నెలలు. ఆ రికార్డును 1993లో దాటినవాడు కూడా టీవీ మనిషి కాదు, కెనడాలో సస్కాచువాన్ రైతు మైలో హాన్సన్. ఇరుగుపొరుగు రైతులతో కలిసి వేటకు వెళ్లినప్పుడు దొరికింది. కంచెలోపల పెంచి కొట్టిన జింకలను ఆ క్లబ్బు అసలు లెక్కలోకే తీసుకోదు, అదీ తెలుసుకో.

రూజ్‌వెల్ట్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. టెడ్డీ బేర్ బొమ్మ కథ నీకు తెలుసు: 1902లో మిసిసిపీలో అధ్యక్షుడు చెట్టుకు కట్టేసిన ఎలుగును కొట్టనన్నాడు, పత్రికలో కార్టూను వచ్చింది, ఒక దుకాణదారు బొమ్మ చేశాడు. మరి ఆ ఎలుగును జాడ పట్టి, తన కుక్కను చంపుతుంటే తుపాకీ మడమతో మోది, ఒంటరిగా తాడు వేసి చెట్టుకు కట్టింది ఎవరు? హోల్ట్ కోలియర్. బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి, చిన్నతనం నుంచీ ఆ అడవే బతుకు. ఆ రోజు అధ్యక్షుడు భోజనానికి గుడారానికి వెళ్లి ఉన్నాడు. దెబ్బ తిన్న ఎలుగును తర్వాత కత్తితో చంపేశారు, బొమ్మల కథలో ఆ ముక్క ఉండదు. రూజ్‌వెల్ట్ మంచివాడే, కోలియర్ విలువ ఎరిగినవాడు, 1907లో మళ్లీ వేటకు ఆయన్నే పిలిపించుకున్నాడు. అయినా బొమ్మకు పెట్టిన పేరు ఎవరిదో చూడు. కోలియర్ పేరు మిసిసిపీలో ఒక వన్యప్రాణి కేంద్రానికి పెట్టింది 2004లో, ఆయన పోయిన అరవై ఎనిమిదేళ్లకు.

పేరున్నవాళ్లంతా ఒకటే అనడం లేదు. స్టీవెన్ రినెల్లా అని మిషిగన్ వాడు 'మీట్‌ఈటర్' అని చేస్తున్నాడు, నువ్వు పంపిన వాటిలో అదొక్కటి నాకు నచ్చింది. ఉత్త చేతులతో వచ్చిన రోజునూ చూపిస్తాడు, కోసి వండి తినే దాకా చూపిస్తాడు. మిగతా వాళ్లను చూడు, వద్దనను, కానీ వాళ్ల దగ్గర వేట నేర్చుకోవాలనుకోకు. వాళ్లకు వచ్చింది చూపించడం. అదీ ఒక విద్యే, నీకు కావలసింది అది కాదు.

ఇక నీ పని. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఈ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ర్యాంచి వాడు "మేం చూసుకుంటాం" అంటాడు, వాడికేం పోయింది, పోయేది నీ వీసా. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర రాతపూర్వకంగా సలహా తీసుకో. ఫీజు నేను కడతాను. తర్వాత హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు, మా దగ్గర 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అది తప్పనిసరి. తుపాకీ ఎప్పుడూ నిండి ఉందనే అనుకోవాలి, మూతి ఎప్పుడూ ఎవరూ లేని వైపే ఉండాలి, గురి వెనకాల ఏముందో తెలియకుండా పేల్చకూడదు, పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. మొదట నేర్పేది ఈ నాలుగే. నీ వీడియోల్లో మూడోది ఎన్నిసార్లు తప్పారో ఈసారి లెక్కపెట్టి చూడు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ వారం ఇక్కడికి రా. మెషీన్ టెండర్ రిటైరయ్యాడు, మోకాళ్లు బాగోలేవు, అయినా వెళుతున్నాడు. నీ గురించి చెప్పాను. మొదటి ఏడు నీకు తుపాకీ ఇవ్వనన్నాడు. పక్కన కూర్చోవాలి, జింక పడితే లాగాలి, గరాజ్‌లో కోత నేర్చుకోవాలి. ఇష్టమైతే రమ్మన్నాడు. నారింజ కోటు నాది ఉంది, నీకు సరిపోతుంది. లోపల వేసుకోవడానికి ఉన్ని బట్టలు మాత్రం కొనుక్కో, టెక్సాస్ స్వెటర్లు ఇక్కడ పనికిరావు. విమానం టికెట్ల ధరలు ఆ వారానికి బాగా పెరుగుతాయి కాబట్టి ఈ నెలలోనే చూసుకో. ర్యాంచి వాడికి అడ్వాన్సు ఇంకా పంపకపోతే పంపకు.

ఇట్లు,
మీ మామయ్య